ముక్కు అరగదీసిన తూటా

నా భర్త తుపాకి వల్ల చనిపోయాడు. గుండు తగిలి కాదు, చేతిలోని తుపాకే పగిలి. ఈ తేడా ఎవరికి చెప్పబోయినా, "ఏదైతే ఏమమ్మా, పోయినోడు పొయ్యినాడు కదా" అని తలూపేవారు. వాళ్ళ మాట వాళ్ళకు సరే. నేను మాత్రం ఆ తేడాలో ఒక ఏడాదిపాటు ఇరుక్కుపోయాను. తుపాకి ఎందుకు పగిలిందో తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన నోరు విప్పలేదు. ఆయన విప్పనంతకాలం ఇంటిల్లిపాదికీ వీధికీ కారణం ఒక్కటే: కోడలి కాలు మంచిది కాదు.

నన్ను బెంగళూరు పేటలోని ఆ ఇంటికి ఇచ్చేనాటికి రెండో ప్రపంచ యుద్ధం జోరుమీద ఉంది. నా పుట్టిల్లు ఆనేకల్లు పక్క పల్లె. అత్తవారు తరాలుగా పేటలో పాతుకుపోయిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. మామకు తాళాలు, గడియలు, మేకులు అమ్మే అంగడి ఉండేది. తాళంచెవి పోగొట్టుకుని ఎవరైనా వస్తే, ఆయన ఒక ఇనుపముక్కను ఆకురాయితో అటూ ఇటూ రాకి కొత్త చెవి చేసి ఇచ్చేవాడు. లోకంలో ఏ ఇనుమైనా తన ఆకురాయి మాట వింటుందని ఆయన ధీమా. అప్పట్లో ఆ ధీమా చూస్తే నాకు నవ్వు వచ్చేది. నా భర్త ఒక మిల్లులో గుమాస్తా. అత్తిబెలె దగ్గర వాళ్ళకు కాస్త పొలం ఉండేది. చేను మీద పడే పందులనూ దుప్పులనూ కొట్టడానికి లైసెన్సు మీద తీసుకున్న రైఫిలు ఒకటి నడిమింట్లో మేకుకు వేలాడుతూ ఉండేది.

పెళ్ళైన కొత్తలో మగవాళ్ళు పెళ్ళాలకు మల్లెపూలు తెస్తారు. మా ఆయన తూటాలు తెచ్చి ఒళ్ళో పోసి పాఠం చెప్పాడు. తూటా ముక్కు చూడమన్నాడు. ఒక రకానికి ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది. దాన్ని మెత్తముక్కు అనేవాళ్ళు. అది ఒంట్లో దిగగానే విచ్చుకుని అక్కడికక్కడే పడేస్తుంది. ఇంకో రకానికి ముక్కంతా రాగి తొడుగు, అది గట్టిముక్కు. అది ఎముకకు తగిలితే సరి, లేకపోతే ఇటునుంచి అటు దూసుకుపోతుంది. దుప్పికి తగిలిన సంగతి దుప్పికే తెలియనట్టు పరుగెత్తి, ఎక్కడో ఎవరి చేలోనో పడి చస్తుంది. వేటగాడికి దక్కేది నెత్తుటి చుక్కలు మాత్రమే.

"అయితే గట్టిముక్కు పనికిరానిదా?" అని అడిగాను. పనికిరానిదేమీ కాదట. దగ్గరగా పోయి మెడలో కొట్టగలిగితే ఏ తూటా అయినా ఒకటేనట. దూరం పెరిగేకొద్దీ మెడ సన్నబడుతుంది, గురి భుజం వెనక్కి పోతుంది, అప్పుడు మెత్తముక్కు లేనిదే పని కాదు. దూరాన్ని వాళ్ళు గజాల్లో చెప్పేవాళ్ళు కాదు. కన్ను కనిపిస్తే దగ్గర. కన్ను కలిసిపోయి చెవుల కదలిక మాత్రం తెలిస్తే నడిమి దూరం. చెవులు కూడా కలిసిపోయి ఒంటి రంగు మాత్రమే మిగిలితే, తుపాకి దించుకుని ఇంటికి రావాలి. ఇది మామ నేర్పిన లెక్క. మా ఆయన నన్ను మిద్దె మీదికి తీసుకుపోయి, వీధిలో పోయే ఎద్దులను చూపించి, "దాని కన్ను కనపడ్తాందా?" అని అడిగేవాడు. ఎద్దు కన్ను కనిపించేది కాదు గానీ, ఎదురింటావిడ కిటికీలోంచి మమ్మల్ని చూస్తున్న కన్ను బాగా కనిపించేది. ఆ మాట చెబితే పడీపడీ నవ్వాడు. మేం నవ్వుకున్నవాటిలో నాకు స్పష్టంగా గుర్తున్నది అదొక్కటే.

మా వైపు ఉగాది మరునాడు హొసతొడకు. ఉగాది నాడు ఒబ్బట్లు, మరునాడు మాంసం. ఆ రోజు ఏది జరిగితే ఏడాది పొడుగునా అదే జరుగుతుందని నమ్మకం. అందుకని ఆ రోజు ఎవరూ పోట్లాడరు, పిల్లల మీద చెయ్యెత్తరు, అందరి పొయ్యిల మీదా మాంసం ఉడుకుతుంది. మిగతా ఇళ్ళలో అది అంగట్లో కొన్న మేకమాంసం. మామ ఇంట్లో మాత్రం దుప్పి మాంసం ఉడకాలి. తెల్లవారుజామున కొట్టుకుని వచ్చి, వీధిలో ఇంటింటికీ ఆకులో చుట్టిన మాంసం వాటాలు పంచాలి. ఆ పంపకం మామకు పట్టాభిషేకం లాంటిది. నేను కాపురానికి రాకముందు ఏడు, మెత్తముక్కు తూటాలు అయిపోయి గట్టిదానితో కొడితే దుప్పి దూసుకుపోయిందట. ఖాళీ చేతులతో వచ్చిన మామను వీధంతా ఆటపట్టించింది. ఎవరో తాళం కొనడానికి వచ్చి, "దుప్పికి వేసేదానికి తాళం ఉండాదా అప్పా?" అని అడిగారట. ఆయన దాన్ని మరిచిపోలేదు.

ఆ ఏడు ఉగాదికి ముందు నా భర్త కంటోన్మెంటులోని తుపాకుల అంగడికి రెండుసార్లు తిరిగాడు. మెత్తముక్కు తూటాలు ఇంగ్లీషు సీమ నుంచి రావడం లేదన్నారు. ఓడలన్నీ యుద్ధానికే సరిపోతున్నాయట. గట్టిముక్కువి కొన్ని ఇచ్చారు. ఉగాది మధ్యాహ్నం, నేను ఒబ్బట్లకు పూర్ణం ఉండలు చేస్తుంటే, మామ పెరట్లో రాతి మీద కూర్చుని ఆ గట్టి తూటాల ముక్కులు ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు. పైన రాగి పోయి సీసం బయటపడితే మెత్తముక్కు అయిపోతుందని ఆయన లెక్క. నా భర్త పక్కన నిలబడి ఉన్నాడు.

"గట్టివే తీసుకొని పోదాం నాయనా. దగ్గరికి పొయ్యి మెడ మీద కొడతా."

"పొలం కాడ చెరువు ఎండి బయలైపొయ్యి ఉండాది. ఎట్ల పోతావప్పా దగ్గరికి? నీ వాసన తగిలితే సాలు, అది అడివిలో పడతాది."

"ఈ ముక్కు తీసినవి నాకెందుకో మనసొప్పలేదు."

"నేను మొన్న పొలంలో ఇట్లాంటివి రెండు కొట్టి చూసినా. ఏమీ కాలేదు. ఈ సీమలో అందరూ ఇదే చేస్తాండారు. సుమ్నే ఉండప్పా."

మా ఆయన ఆ మాటతో ఊరుకున్నాడు. తండ్రితో వాదించే అలవాటు ఆయనకు లేదు. ఒబ్బట్టు ఒకటి తీసుకుని సగం తిని, సగం నా చేతిలో పెట్టి, బట్టలు మార్చుకోవడానికి పోయాడు. ఆ సాయంత్రమే ఇద్దరూ అత్తిబెలె బస్సు ఎక్కారు.

మరునాడు మధ్యాహ్నం నేను రోటి దగ్గర కూర్చుని మసాలా నూరుతున్నాను. దుప్పి మాంసానికి మసాలా ఘాటుగా ఉండాలని అత్త ధనియాలూ మిరపకాయలూ దోసెడు వేసి ఇచ్చింది. వాకిట్లో లారీ ఆగిన చప్పుడైంది. దుప్పి పెద్దదేమో, లారీలో తెస్తున్నారని అనుకున్నాను. తెచ్చింది మా ఆయన్ని. ముఖం మీద మామ పైపంచ కప్పి ఉంది. పంచ తీయవద్దన్నారు. నేను తీయలేదు. ఆయన పాదాలు చూసి, ఆయనే అని ఒప్పుకుని, తిరిగి పెరట్లోకి వచ్చాను. రోట్లో మసాలా సగమే నలిగింది. కూర్చుని మిగతా సగం నూరేశాను. మెత్తగా అయ్యేదాకా నూరి, గిన్నెలోకి ఎత్తి, రోలు కడిగాను. ఎందుకు చేశానంటే చెప్పలేను. సగంలో ఉన్న పని అది ఒక్కటే కనిపించింది.

నాకు ఏడుపు రాలేదు. అది ధైర్యం కాదు. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తే దవడ ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది చూడండి, మనిషంతా అలా అయిపోయాను. ఎవరైనా పిలిస్తే పలికేదాన్ని, పెడితే తినేదాన్ని. ఏడవని కోడల్ని చూసి వచ్చినవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. అత్త మాత్రం ఊరికే ఉండలేదు. కొడుకు పోయిన తల్లి ఆమె, ఆ దుఃఖం ఎక్కడో ఒకచోట దింపుకోవాలి. "మొగుడు వాకిట్లో పండుకొని ఉంటే మసాలా నూరిన తల్లి ఇది! దీని కాలు పెట్టిన గడియ ఎట్లాంటిదో?" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. మసాలా నూరిన మాట నిజమే కాబట్టి, కాలి మాట కూడా నిజమే అయి కూర్చుంది.

నెల దాటాక మా అన్న వచ్చాడు. పోలీసులు తుపాకి తీసుకుపోయి, ప్రమాదమని రాసుకుని వదిలేశారు. అన్న అంతటితో ఆగక, వాళ్ళ దగ్గర తుపాకులు బాగుచేసే అతన్ని కలిసి వచ్చాడట. పెరట్లో నిలబడి గొంతు తగ్గించి చెప్పాడు. గట్టిముక్కు తూటాకు రాగి తొడుగు ముందువైపు మూసి, వెనకవైపు తెరిచి ఉంటుంది. ముక్కు అరగదీస్తే తొడుగు రెండు వైపులా తెరుచుకుని ఉత్త గొట్టం అయిపోతుంది. కాల్చినప్పుడు లోపలి సీసం ముందుకు జారి వెళ్ళిపోయి, తొడుగు తుపాకి గొట్టంలోనే ఇరుక్కోవచ్చు. అది తెలియక రెండో తూటా కాలిస్తే దానికి దారి ఉండదు. తుపాకి పగులుతుంది.

"ఇప్పుడే పొయ్యి ఆ ముసలోని మొగాన చెప్తా," అన్నాడు అన్న.

"వద్దన్నా. ఆయన చెప్పాల."

అన్నకు అర్థం కాలేదు. కోపంగా చూశాడు. నాకు మాత్రం ఆ ఒక్కటి స్పష్టంగా తెలుసు. నేను చెబితే, తన కాలి దోషాన్ని కొడుకు పోయిన ముసలాయన మీదికి నెట్టిన కోడలినవుతాను. అన్న చెబితే పుట్టింటివాళ్ళు కూడబలుక్కున్నారంటారు. ఆ మాటకు విలువ ఉండాలంటే అది మామ నోటి నుంచే రావాలి. అన్న తనతో పాటు వచ్చేయమన్నాడు. ఆ ముద్రతో పుట్టింటికి పోతే ముద్ర కూడా నా వెంటే వస్తుంది. మా చెల్లెలికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు.

మామ ఇల్లు వదిలి పారిపోలేదు, మంచం పట్టలేదు. పొద్దున్నే అంగడికి పోయేవాడు, మధ్యాహ్నం వచ్చి తినేవాడు. నా వైపు చూసేవాడు కాదు. అత్త కోడలి కాలు గురించి మొదలుపెడితే ముద్ద నోట్లో ఉంచుకుని నమలడం మానేసేవాడు. ఆమె ఆపగానే మళ్ళీ నమిలేవాడు. ఒకసారి ఆయన ఒక్కడే తింటున్నప్పుడు అడిగాను. "మామా, పోలీసులోళ్ళు తుపాకి చూసి ఏమో చెప్పినారంట." ఆయన ఆకులో అన్నం మిగిల్చి, చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని అంగడికి పోయాడు. నాకు కోపం రావలసింది. రాలేదు. ఆకు ఎత్తి పడేసి, నేల అలికాను. ఆ ఏడాదిలో ఇల్లు అలికినంత శుభ్రంగా నేను ముందెప్పుడూ అలకలేదు.

సంక్రాంతి దాటాక మా చెల్లెలిని చూడటానికి ఎవరో వచ్చారు. పిల్ల నచ్చింది, జాతకం కలిసింది. పోతూపోతూ వాళ్ళలో పెద్దావిడ, "అక్క కాలు ఎట్లాంటిదో పేటలో విన్యాం. చెల్లెలికీ అదే రక్తం కదమ్మా," అని చెప్పి పోయిందట. అన్న వచ్చి ఈ సంగతి చెబుతూ నా ముఖం చూడలేదు. నేను గుమ్మానికి ఆనుకుని అంతా విన్నాను. మనసులో ఎక్కడో చాలా లోతున ఏదో కదిలింది గానీ పైదాకా రాలేదు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు, అంతే.

మళ్ళీ ఉగాది వచ్చింది. అత్త ముందే మా అన్నకు కబురు పెట్టింది: హొసతొడకు నాడు ఆ పిల్ల ఈ ఇంట్లో ఉండకూడదు, వచ్చి తీసుకుపొమ్మని. ఆ రోజు నా ముఖం చూస్తే ఏడాదంతా ఇల్లు ఏడుస్తుందని ఆమె భయం. అన్నకు ఉగాది నాడు బస్సు దొరకలేదు. మరునాడు పొద్దున వచ్చాడు. నా పెట్టె వాకిట్లో ఉంది. అత్త తమ్ముడూ ఆయన భార్యా పండక్కి వచ్చి ఉన్నారు. ఈసారి అంగట్లో కొన్న మేకమాంసమే. నేను అలవాటుకొద్దీ రోటి దగ్గరికి పోయాను. అత్త పరుగెత్తుకుంటూ వచ్చి నా చేతిలోని పొత్రాన్ని పట్టుకుంది.

"ముట్టొద్దు. పోయిన ఏడు నూరింది సాలు."

మామ నడిమింట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచే అన్నాడు. "దాని చెయ్యి వదులు."

"ఎందుకు వదలాల? నా కొడుకును మింగిన కాలు ఇది."

"దాని కాలు కాదే. నా చెయ్యి."

అత్త అర్థం కానట్టు చూసింది. మామ లేచి పెరటి గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మం పట్టుకుని నిలబడి, మా అన్నా, తన బావమరిదీ అందరూ వినేట్టు చెప్పాడు. గొంతు పెంచలేదు.

"తూటాల ముక్కులు తీసింది నేను. వాడు వద్దన్యాడు. చెరువులోకి పొయ్యేసరికి దుప్పి పొదపక్కనే ఉండాది, కన్ను కనపడే అంత దగ్గర. జోబిలో గట్టివి ఉండాయి, మార్చుకుంటా నాయనా అన్యాడు. మెడ మీద కొట్టేదానికి ఏ తూటా అయితేనేమి? నేనే వద్దంటి. కష్టపడి చేసినాను గదా, నావి కొట్టి చూడాలని. మొదటిది కొడితే సద్దు వచ్చె, దుప్పికి తగల్లేదు. అది చెవులు నిక్కబెట్టుకొని ఆడే నిలబడె. వాడు గొట్టంలోకి చూస్తా అన్యాడు. చూసేకి పొద్దు లేదు, పోతాది, కొట్టరా అన్యా. కొట్టినాడు."

పొయ్యి మీద ఎసరు పొంగి కట్టెల మీద పడింది. కాసేపటికి అత్త తమ్ముడు, "పోనీలే బావా, ఎవరి చేతుల్లో ఏముంది," అన్నాడు. మామ ఆయన వైపు చూడలేదు. మా అన్నతో, "నీ చెల్లెల్ని తీసుకొని పోతావో, ఈడే ఉంచుతావో నీ ఇష్టమప్పా. ఈ మాట మాత్రం ఊర్లో చెప్పు. మీ చిన్నపిల్లని చూసేకి వచ్చినోళ్ళ ఇంటికి పొయ్యి చెప్పు. కావాలంటే నేను వచ్చి చెప్తా," అన్నాడు. తరువాత నిజంగానే పోయి చెప్పాడు. చెల్లెలి పెళ్ళి ఆ ఎండాకాలంలోనే జరిగింది, వేరే ఊరి సంబంధంతో.

ఏడాదిగా ఎదురుచూసిన మాట విన్నాను. గుండె తేలికవుతుందనుకున్నాను. కాలేదు. చేతిలో పొత్రం ఉంది, దాని బరువు మాత్రం తెలిసింది. అత్త నా చెయ్యి ఎప్పుడు వదిలిందో గమనించలేదు. ఆమె లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నేను మసాలా నూరాను, కూర వండాను. అన్న నా పెట్టెను వాకిట్లోంచి తెచ్చి లోపల పెట్టాడు, పొమ్మని గానీ ఉండమని గానీ అనలేదు. మధ్యాహ్నమైంది. మామ ఆకు ముందు కూర్చున్నాడు. వడ్డించడానికి అత్త రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. నేనే పెట్టాను.

ఆ రోజు మొదలు అత్త బతికినన్నాళ్ళూ మొగుడికి అన్నం పెట్టలేదు, ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను మాత్రం మళ్ళీ ఏనాడూ ఏమీ అనలేదు. వంట చేసి గిన్నెలు నా ముందుకు జరిపేది. నేను ఆయనకు వడ్డించేదాన్ని. నేను లేకపోతే ఆయనకు ఆ ఇంట్లో ముద్ద దొరికేది కాదు. పుట్టింటికి పోవచ్చు కదా అని చాలామంది అడిగారు. జాలితో ఉన్నానో, క్షమించి ఉన్నానో నాకే తెలియదు. పూట వచ్చేది, ఆయన కూర్చునేవాడు, ఎవరో ఒకరు పెట్టాలి.

యుద్ధం అయిపోయి చాలాకాలమయ్యాక, పండగా పబ్బమూ కాని ఒక మామూలు మధ్యాహ్నం, మామ తింటూ తల ఎత్తి, "ఇంకొంచెం పులుసు పొయ్యి అమ్మణ్ణీ," అన్నాడు. అంతే అన్నాడు. బాగుందనుకున్నట్టున్నాడు. ఆ పులుసు రుచి ఆయనకు తెలిసిందని నాకు ఒక్కసారిగా ఒళ్ళంతా మండిపోయింది. నా భర్త నోరు మూతపడిపోతే ఈయన ఇంకొంచెం అడుగుతున్నాడు. గిన్నె నేల మీద పెట్టి వంటింట్లోకి పోయి, గోడకు తల ఆనించి, మా ఆయన పోయిన ఇన్నేళ్ళకు మొదటిసారి ఏడ్చాను. ముఖం కడుక్కుని తిరిగి వచ్చేసరికి మామ అలాగే కూర్చుని ఉన్నాడు, ఆకులో చెయ్యి కదపకుండా. అంతా విన్నాడు. గరిటె తీసుకుని పులుసు పోశాను.